పేరు పెట్టని డెబ్బై రెండు పేజీలు

మార్చి 5

బావమరిదికి,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే మీ అక్క, నేను. ఆ కొండ మీద నీ ఫోను పనిచేయదని తెలిసి కూడా మీ అక్క రోజుకొకసారి నొక్కి చూస్తుంది. పలకదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఇచ్చిన ల్యాప్‌టాప్‌కు నలతగా ఉంది. షాపుకు వచ్చే కుట్టు మిషన్ల రోగాలు రోజువారీ పుస్తకంలో రాసుకున్నట్టే దీనివీ రాసుకున్నాను. గత నెల 26న ‘దారం’ అని కొట్టాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి తెర మీద ‘దా’ వచ్చి ఉంది. 28న బాణం గుర్తు నడిమధ్యలో నిలబడిపోయింది. అయిదు నిమిషాల తర్వాత కదిలింది గాని, నేను చెప్పిన చోటికి కాదు. ఈ నెల 2న లోపల ఫ్యాను తిరగడం మొదలుపెట్టి ఇంతవరకు ఆగలేదు. జ్వరమేమో, తడిబట్ట వేస్తానని మీ అక్క అంది. వద్దన్నాను. 4న గొంతు పోయింది. నాకు పాటలతో పని లేదు. లక్షణం కాబట్టి రాశాను.

తిరగేసి చూశాను. అడుగున పది మరలు ఉన్నాయి. వాటికి సరిపోయే స్క్రూడ్రైవరు నా దగ్గర ఉంది. ముందు ఏది విప్పాలో, నూనె ఎక్కడెక్కడ వేయాలో రాయి.

కుట్టు శిక్షణ కేంద్రం టీచరమ్మ పుస్తకం ఏప్రిల్ 10 లోగా కావాలంది. కొత్తగా చేరేవాళ్ళ కోసం అచ్చు వేయిస్తుందట. ముప్పై ఏళ్ళుగా మిషన్లు బాగుచేస్తూ తెలుసుకున్నది రాయమని ఆమే అడిగింది. డెబ్బై రెండు పేజీలు అయ్యాయి. ఇంకో పది ఉంటాయి.

ఇట్లు,
నీ బావ

ఒరేయ్ తమ్ముడూ, కింద కాస్త ఖాళీ ఉంటే లాక్కున్నాను. మీ బావ చెప్పరు గాని, ఏడాదిగా పొద్దున్నే షాపు తెరవకముందు గంటసేపు దాని ముందే కూర్చుంటున్నారు. తన మాట అచ్చులో చూసుకోవాలని ఉంది మనిషికి. అడిగితే “టీచరమ్మ అడిగింది కదా” అని తప్పించుకుంటారు. ఆ నూనె సంగతేదో తొందరగా చెప్పు. — అక్క


మార్చి 12

బావా,

ముందు ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టండి. కింద కాదు, సొరుగులో పెట్టి తాళం వేసి, తాళం అక్క చేతికివ్వండి. ల్యాప్‌టాప్‌కి నూనె వేస్తారా ఎక్కడైనా! మీ ఉత్తరం నేను గట్టిగా చదువుతుంటే మా వంటాయన గరిటె వదిలేసి మరీ నవ్వాడు.

వారానికి ఒక్కరోజు వచ్చే జీపు ఇవాళే వచ్చింది. డ్రైవరు టీ తాగేలోపు రాసి ఇచ్చేయాలి. ఆయన టీ మెల్లగా తాగుతాడు కాబట్టి నా గొడవ కూడా కాస్త వినండి. ఇక్కడ పదిరోజులుగా మబ్బు తప్ప ఇంకేం లేదు. గాలి వేగం కొలిచే చక్రం ఇరుసు బిగుసుకుపోయి మూడు రోజులు గాలే లేదని రాశాను. నా టోపీ ఎగిరి లోయలో పడ్డాక అనుమానం వచ్చింది. వాతావరణం కొలవడానికి ప్రభుత్వం నాకు జీతమిస్తోంది బావా, ఎవరికీ చెప్పకండి.

ఇక మీ రోగి. మందు ఒక్కటే, రీస్టార్ట్. తెరిచినవన్నీ లోపల పేరుకుపోయి దానికి ఊపిరాడటం లేదు. మీ బల్ల మీద ఒకేసారి పాతిక మిషన్లు విప్పి పరిస్తే చెయ్యి పెట్టే సందు ఉంటుందా? రీస్టార్ట్ అంటే బల్ల ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ కూర్చోవడం. నత్తనడక, ఫ్యాను రొద, గొంతు పోవడం, సగం జబ్బులు దీంతోనే పోతాయి.

ఛార్జరు తగిలించి ఉంచండి. పక్కన గుచ్చినవన్నీ, అక్క గుచ్చిన బుల్లి దీపంతో సహా, తీసేయండి. తెరిచి ఉన్నవన్నీ సేవ్ చేసి ఒక్కొక్కటే మూసేయండి. తర్వాత కింద ఎడమ మూల కిటికీ బొమ్మ నొక్కితే పవర్ గుర్తు కనబడుతుంది. అందులో షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కాలి. షట్‌డౌన్ చేస్తే ఇప్పటి ల్యాప్‌టాప్‌లు సగమే పడుకుంటాయి, లేచాక పాత మత్తు అలాగే ఉంటుంది. అప్‌డేట్ అవుతోంది, ఆపొద్దు అని తెర మీద వస్తే గంటయినా సరే, వేలు పెట్టకండి.

ఎంతకీ మాట వినకపోతేనే పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆరిపోతుంది. అది ఆఖరి మార్గం. మిషన్లో ఇరుక్కున్న గుడ్డని కత్తెరతో కోసి లాగడం లాంటిది.

ఇంతకీ ఆఖరిసారి రీస్టార్ట్ చేసి ఎన్నాళ్ళయింది? వారమా, పదిరోజులా? డ్రైవరు గ్లాసు బోర్లించాడు.

మీ
కొండమీద బావమరిది


మార్చి 16

బావమరిదికి,

ఉత్తరం నిన్న అందింది. మూడుసార్లు చదివాను.

నీ ప్రశ్నకు జవాబు: ఎప్పుడూ చేయలేదు. కిందటి ఏప్రిల్ 9న నువ్వే వెలిగించి ఇచ్చావు. మూత వేస్తే నిద్రపోతుంది, తెరిస్తే ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది అన్నావు. అలాగే ఉంది. అందుకని ఆర్పలేదు.

తెరిచి ఉన్నవి నలభై ఆరు. వాటిలో నలభై మూడు పేకాట. మీ అక్క ఆడినప్పుడల్లా కొత్తది తెరిచింది. ఓడిపోయింది మూసేయడానికి మనసు రాలేదట, ఎప్పటికైనా గెలవచ్చని అట్టిపెట్టింది. అన్నీ మూయడానికి పొద్దున గంటా, సాయంత్రం గంటా పట్టింది. తనవల్లే దానికి ఇంత జబ్బు చేసిందని ఇప్పుడు మొహం వేలాడేసుకుని తిరుగుతోంది. ఓదార్చడం నాకు చేతకాదు. నువ్వు రాయి.

చివరికి నా రాత ఒకటే మిగిలింది. సేవ్ చేసి మూయమన్నావు. నువ్వు అది చూపించలేదు, నేను అడగలేదు. పైన ‘డాక్యుమెంట్ 1’ అని ఉంది. మూయబోతే ఇంగ్లీషులో ఏదో అడిగి, మూడు జవాబులు ఇచ్చింది. అర్థం కాని ప్రశ్నకు అవునని గాని కాదని గాని అనకూడదు కాబట్టి మూడోది, క్యాన్సిల్, నొక్కి బయటపడ్డాను. అది మూయలేదు. పదకొండు నెలల్లో ఎప్పుడూ మూయలేదు.

ఆ తర్వాత బాణం కదలడం పూర్తిగా మానేసింది. మాట వినడం లేదనే అనుకోవాలి. 20వ తేదీ సాయంత్రం వరకు చూస్తాను. అప్పటికీ కదలకపోతే నువ్వు చెప్పినట్టు బటన్ పది సెకన్లు పట్టుకుంటాను. బటన్ ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను.

గాలిచక్రం ఇరుసుకు మాత్రం నూనె వేయవచ్చు. రెండు చుక్కలు చాలు.

ఇట్లు,
నీ బావ


మార్చి 19

బావా బావా బావా,

ఆ బటన్ మీద చెయ్యి వేశారో, నా మీద ఒట్టే!

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇవాళ పంతొమ్మిది. ఇది మీకు చేరేసరికి ఇరవై దాటిపోతుంది. అందుకే కొండ దిగి సిగ్నల్ అందగానే అక్కకి ఫోన్ చేసి చెప్పమని డ్రైవరుని బతిమాలాను. ఇవాళ టీ కూడా తాగనివ్వలేదు పాపం.

డాక్యుమెంట్ 1 అని ఉందంటే మీరు దాన్ని ఒక్కసారి కూడా సేవ్ చేయలేదన్నమాట. మీ డెబ్బై రెండు పేజీలు ఇంకా దాని నోట్లోనే ఉన్నాయి బావా, కడుపులోకి వెళ్ళలేదు. ఆరిపోతే పోయినట్టే. మళ్ళీ వెలిగించినప్పుడు తనంతట తాను దాచిందేదో కాస్త తిరిగి ఇస్తే ఇవ్వచ్చు గాని, దాన్ని నమ్ముకోకూడదు. తప్పు నాది. వెళ్ళే రోజు హడావుడిలో మూత వేయడం నేర్పి, సేవ్ చేయడం నేర్పకుండా జీపెక్కేశాను.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఛార్జరు తీయకండి. బ్యాటరీ అయిపోయినా బటన్ నొక్కినట్టే. ఎడమ చేతి కింద మూలన కంట్రోల్ అని ఉన్న మీట నొక్కి పట్టుకుని, రెండో చేత్తో ఎస్ నొక్కండి. ఒక్కసారే. రెండూ వదిలేసి చేతులు తీసేయండి. తెర మీద ఏ మార్పూ లేకపోయినా మళ్ళీ మళ్ళీ నొక్కకండి, అది వింటూనే ఉంటుంది, జవాబు చెప్పే ఓపిక లేదంతే. గంట పట్టినా కూర్చోండి. పేరు అడుగుతూ ఒక పెట్టె వస్తుంది. ఏదో ఒక పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. పైన డాక్యుమెంట్ 1 పోయి ఆ పేరు వచ్చేదాకా రీస్టార్ట్ మాటే ఎత్తకండి.

అక్కకి చెప్పండి, పేకాటకి ల్యాప్‌టాప్‌లు చావవు. నలభై మూడాటలు ఓడిపోయి కూడా బతికున్న మనిషి ఆవిడ.

మీ
బావమరిది


మార్చి 24

బావమరిదికి,

ఉన్నాయి. డెబ్బై రెండూ ఉన్నాయి. ఈ ముక్క ముందు రాయకపోతే నువ్వు కంగారుపడతావని మీ అక్క అంది.

జరిగింది వరుసగా రాస్తాను. 19న మధ్యాహ్నం మీ డ్రైవరు ఫోన్ చేశాడు. నువ్వు చెప్పిందంతా ఆయనకు గుర్తు లేదు. గుర్తున్నది చెప్పాడు: “ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దట అమ్మా, ముట్టుకుంటే అన్నీ పోతాయట.” మీ అక్క అక్కడే ఛార్జరు పీకి, ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టి బీరువా మీద పెట్టేసింది.

“తీగ ఉండనీ,” అన్నాను.

“ముట్టుకోవద్దన్నాడా లేదా?”

“ఇప్పుడు నువ్వు ముట్టుకోలేదా?”

“నేను తువ్వాలు ముట్టుకున్నాను,” అంది.

మీ అక్క నాలుగు రోజులు ఆ గదిలో ఊడవడం కూడా మానేసింది.

నిన్న పొద్దున నీ ఉత్తరం వచ్చింది. బ్యాటరీ అయిపోయినా బటన్ నొక్కినట్టే అన్న చోటికి వచ్చేసరికి మీ అక్క చదవడం ఆపి నావైపు చూసింది. నేను కుర్చీ ఎక్కాను. మూత తెరిస్తే బ్యాటరీ నాలుగు శాతం ఉంది. ఛార్జరు గుచ్చాను. అయిదు శాతం అయ్యేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.

పది గంటల అయిదు నిమిషాలకు కంట్రోల్, ఎస్ నొక్కాను. ఏమీ రాలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను. పదిన్నరకు మీ అక్క “ఇంకొక్కసారి నొక్కితే?” అంది. “ఒక్కసారే అన్నాడు,” అన్నాను. పది నలభై ఏడుకు పెట్టె వచ్చింది. ఏం పేరు పెట్టాలో ఆలోచించుకోలేదు. ఆ అవసరం రాలేదు. పేరు పెట్టవలసిన చోట అదే నా మొదటి వాక్యం తెచ్చి పెట్టుకుంది: ‘నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను’. మార్చలేదు. ఎంటర్ నొక్కాను. పైన ఆ పేరు వచ్చింది.

తర్వాత మూసి, రీస్టార్ట్ చేశాను. ఆరు నిమిషాలు తెర మీద చుక్కలు తిరిగాయి. లేచింది. లేస్తూ గంట మోగించింది, గొంతు వచ్చినట్టే. ఫ్యాను ఆగింది. ‘దారం’ అని కొట్టాను, కొడుతుండగానే వచ్చింది. మీ అక్క ఏడ్చింది. నేను వెళ్ళి షాపు తెరిచాను.

ఇంకొక విషయం. ల్యాప్‌టాప్ బీరువా మీద ఉన్న రోజుల్లో పొద్దున గంట ఊరికే గడిచేది కాదు. పోతే పోయిందనుకుని మొదటి నుంచి నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీలు అయ్యాయి. నిన్న ల్యాప్‌టాప్‌లోది మొదటి పేజీ నుంచి చదివాను. ఇన్నాళ్ళూ మొదటి పేజీకి వెళ్ళాలంటే అది కదిలేది కాదు, నేనూ వెళ్ళలేదు. అందులో దారం చుట్టే బాబిన్ అనే మాట పంతొమ్మిదో పేజీలో గాని రాలేదు. టీచరమ్మ గడువు ఇంకా పదిహేడు రోజులు. ఏది ఇవ్వమంటావు?

ఇట్లు,
నీ బావ

ఒరేయ్, నేను ఏడవలేదు. కంట్లో దుమ్ము పడింది. నాలుగు రోజులు ఊడవలేదు కదా. — అక్క


మార్చి 26

బావా,

మొదటి ముక్క చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, బయటికెళ్ళి వాన కొలిచే గిన్నె చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసొచ్చి మిగతాది చదివాను. ప్రాణం లేచొచ్చింది. డ్రైవరు అక్కకి క్షమాపణ చెప్పమన్నాడు. తనకి ఇంట్లో కూడా ఇలాగే సగం సగం గుర్తుంటుందట.

ఏది ఇవ్వాలని అడుగుతారేంటి? డెబ్బై రెండు పేజీలదే! పదకొండు నెలలు రాశారు, నలభై రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి కాపాడుకున్నాం (నేను ఇక్కడ వారం బిగబట్టాను). నాలుగు రోజుల్లో గిలికిన నోటుబుక్కు దాని ముందు ఎంత? కావాలంటే మిగిలిన పది పేజీలు చేర్చండి, మధ్యలో వేలు పెట్టకండి. పెద్ద పుస్తకమైతే టీచరమ్మకీ గౌరవం. బాబిన్ ఎక్కడికీ పోదు, పంతొమ్మిదో పేజీలో ఉంటే ఉంటుంది. అంతకుముందు ఏదో మంచి ముందుమాట రాసుంటారు.

ఫైలు పేరు మాత్రం మార్చండి బావా. వెలిగించినప్పుడల్లా ఆ మాట కనిపించడం నాకు నచ్చలేదు. చెప్పేశాను, కోపగించుకోకండి.

ఇకనుంచి వారానికొకసారి రీస్టార్ట్ చేయండి. పేజీ పేజీకీ కంట్రోల్, ఎస్. ఒక పెన్‌డ్రైవ్ కొని అందులోనూ ఇంకో ప్రతి పెట్టుకోండి. గాలిచక్రానికి రెండు చుక్కలు వేశాను. నిన్న పెద్ద గాలి వీచిందని తేలింది. తలుపు ఊడిపోయింది కాబట్టి నిజమే.

మీ
బావమరిది


ఏప్రిల్ 11

బావమరిదికి,

పుస్తకం నిన్న టీచరమ్మకు ఇచ్చాను. గడువుకు అందింది.

నువ్వు చెప్పినట్టు చేయలేదు. మొదటి పద్దెనిమిది పేజీలు ముందుమాట కాదు. నేను బడి ఎందుకు మానేశానో, ఎవరెవరి దగ్గర పని అడిగానో, తప్పులుంటే పెద్దలు ఎందుకు మన్నించాలో ఉంది. మన్నించమని పదకొండుసార్లు రాశాను. లెక్కపెట్టాను. తెర ముందు కూర్చుంటే ఎవరో పైనుంచి చూస్తున్నట్టు ఉండేది. నోటుబుక్కులో అలా లేదు. బల్ల ముందు నిలబడ్డ మనిషికి చెప్పినట్టే వచ్చింది. 28న పూర్తయింది. ముప్పై ఒక్క పేజీలు.

అయినా నా మాటా నీ మాటా పక్కన పెట్టి 30న రెండూ టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏది మంచిదని అడిగితే, “నన్నడిగితే ఏం లాభం, నాకు మిషను వచ్చు కదా,” అంది. కొత్తగా చేరిన ఇద్దరిని పిలిచింది. రెండు మిషన్లు నాచేతే చెడగొట్టించింది. రెండింటికీ ఒకటే జబ్బు: సూది వెనక్కి తిప్పి పెట్టాను, దారం ఒక కొక్కెంలో పెట్టకుండా దాటించాను. ఒకావిడకు నోటుబుక్కు ఇచ్చి, ఇంకో ఆవిడ ముందు ల్యాప్‌టాప్ పెట్టింది.

నోటుబుక్కు ఆవిడ రెండు పేజీలు చదివి దారం మొత్తం లాగేసింది. సూది విప్పి తిప్పి బిగించింది. మళ్ళీ మొదటి కొక్కెం నుంచి దారం ఎక్కించి, చక్రం చేత్తో ఒకసారి తిప్పి చూసుకుని కుట్టింది. పన్నెండు నిమిషాలు.

అప్పటికి రెండో ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది. టీచరమ్మ “ఏమ్మా, దొరికిందా?” అంది.

ఆవిడ తలెత్తి నావైపు చూసింది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. “మేస్త్రీ గారూ, ఆ బడి పంతులు మిమ్మల్ని మళ్ళీ పిలవనేలేదా?”

“మిషను సంగతి చూడమ్మా,” అన్నాను.

“మిషను ఇంకా రాలేదండీ,” అంది.

టీచరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. వరండాలోంచి నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను. మీ అక్క నమ్మలేదు.

31 నుంచి నోటుబుక్కులోది ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. రోజుకు మూడు నాలుగు పేజీలు. పేజీ పేజీకీ కంట్రోల్, ఎస్. ఆదివారం ఆదివారం రీస్టార్ట్ చేశాను. లేచాక అన్నీ ఉన్నాయా అని మొదటిసారి పేజీ పేజీ లెక్కపెట్టి చూశాను, రెండోసారి మామూలుగా చూశాను. మొదటి వాక్యం ‘మిషను ఆగిందా? ముందు సూది చూడండి’. ఫైలుకు అదే పేరు తీసుకుంది, మొదటి రెండు మాటలు. పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంది. పాతది చెరపలేదు. నీకు చదవాలని ఉంటే సెలవులో వచ్చినప్పుడు చూపిస్తాను. పేరు మాత్రం మార్చను, అది నిజమే కదా.

మీ అక్క మళ్ళీ పేకాట మొదలుపెట్టింది. ఓడినప్పుడల్లా మూసేస్తోంది. నిన్న ఒకటి గెలిచింది. అది మూయనివ్వడం లేదు.

టీచరమ్మ వచ్చే నెల అచ్చుకు ఇస్తుందట. అట్ట మీద రాసినవారి పేరు ఏమని వేయించాలని నిన్న అడిగింది. పేరెందుకు, ఆలోచించి చెబుతానన్నాను. మీ అక్క ఆలోచించకుండా నా పేరు చెప్పేసింది.

ఇట్లు,
నీ బావ